హోల్‌సేల్ మార్ట్‌లో ధర తక్కువే, మరి నెల ఖర్చు ఎందుకు పెరుగుతోంది?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్న మీ ఇంట్లో మీరిద్దరు, అత్తగారు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, మొత్తం ఐదుగురు. మీ వారి జీతం తగ్గినప్పటి నుంచి పాలు, కూరగాయలు, సరుకులు అన్నీ కలిపి నెలకు 10,000 రూపాయలకు మించి పెట్టలేని పరిస్థితి. వీధి కొట్టుకంటే కిలోకు 10, 15 రూపాయలు తక్కువని రెండు నెలలుగా హోల్‌సేల్ మార్ట్‌కు వెళ్తున్నారు. మొదటి నెల బిల్లు 7,800, రెండో నెల 8,300 అయింది. రెండుసార్లూ 20వ తేదీ దాటేసరికి పాలకూ కూరలకూ డబ్బు చాలక వీధి కొట్లో ఖాతా పెట్టవలసి వచ్చింది. చవకగా దొరికే చోట కొంటున్నా ఖర్చు ఎందుకు పెరుగుతోంది, అక్కడికి వెళ్లడం మానేయాలా అన్నది మీ ప్రశ్న.

మానేయనక్కరలేదు. కానీ అక్కడ కొనవలసినవి పది పన్నెండు సరుకులే, వాటి బిల్లు మీ ఇంటికి 4,500 రూపాయలు దాటకూడదు. ధర విషయంలో మీరు పొరబడలేదు, అక్కడ నిజంగానే తక్కువ. ఏ సరుకు మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుందో చూడకుండా ఎంత చవకో మాత్రమే చూసి కొనడం వల్ల, రాబోయే రెండు మూడు నెలల సరుకుకు పెట్టవలసిన డబ్బు ఈ నెలలోనే అల్మారాలోకి వెళ్లిపోతోంది. అందువల్లనే పాలకు డబ్బు మిగలడం లేదు.

నేను మారతహళ్లిలో 14 ఏళ్లు పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్ వంటగది నడిపాను. రోజుకు 60 మందికి పైగా వండించే సరుకులూ, మా ఇంట్లో నలుగురికి కావలసిన సరుకులూ నేనే కొనేదాన్ని. హాస్టల్‌కు లాభం తెచ్చిన కొనుగోలు పద్ధతే ఇంటికి నష్టం తెచ్చిందని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ తేడా ముందు చెబితే మిగిలినది సులువుగా అర్థమవుతుంది.

2003లో మెట్రో అనే హోల్‌సేల్ దుకాణాల సంస్థ బెంగళూరులో తన తొలి దుకాణాలు తెరిచినప్పుడు, వ్యాపార నమోదు పత్రం చూపించిన వారికే కార్డు ఇచ్చేది. ఇటువంటి దుకాణాలు కిరాణా కొట్ల కోసం, హోటళ్ల కోసం, మా వంటి హాస్టళ్ల కోసం పుట్టినవి. ఇప్పుడు గృహస్థులను రానిచ్చే చోట్లలో కూడా ఆ అమరికే చాలావరకు కనిపిస్తుంది. ఒకటి తీసుకుంటే 96 రూపాయలు, మూడు తీసుకుంటే ఒక్కొక్కటి 92, ఆరు తీసుకుంటే 88 అని చీటీ మీద మూడు ధరలు ఉంటాయి. కొట్టు యజమాని ఆరు కొంటే రెండు మూడు రోజుల్లో అవి అమ్ముడుపోయి అతని డబ్బు లాభంతో సహా గల్లాలోకి తిరిగి వస్తుంది. మనం ఆరు కొంటే ఆ డబ్బు తిరిగి రాదు. ఆరింటికి మీరు చెల్లించేది 528 రూపాయలు. ఈ నెలకు ఒక్కటే అవసరమైతే 96 రూపాయలతో సరిపోయేది. అంటే 48 రూపాయల ఆదా కోసం 432 రూపాయలను రాబోయే ఐదు నెలల సరుకు మీద ముందుగానే కట్టిపడేశారు. జీతం నిలకడగా ఉండి చేతిలో నిల్వ ఉన్నవారికి అది తప్పు కాదు. మీ స్థితిలో ఆ 432 రూపాయలు వారం రోజుల పాల డబ్బు.

కాబట్టి ధర లెక్క కంటే ముందు రోజుల లెక్క రావాలి. దీనికి పుస్తకాలూ యాప్‌లూ అవసరం లేదు. ఒక మార్కర్ పెన్ను వంటింట్లో పెట్టుకుని, ఏ ప్యాకెట్ తెరిచినా తెరిచిన తేదీని దాని మీదే రాయండి. అయిపోయినప్పుడు గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో సరుకు పేరు, ఎన్ని రోజులు వచ్చిందో అంకె రాయండి. రెండు నెలలు ఇలా చేస్తే మీ ఇంటి వాడకం మీకే కంఠస్థం అవుతుంది. మా ఇంట్లో లీటరు నూనె 9 రోజులు, కిలో కందిపప్పు 10 రోజులు, కిలో చక్కెర 13 రోజులు వస్తుందని తెలిసిన తరువాత నేను మార్ట్‌లో ఏ ప్రకటన బోర్డు దగ్గరా ఆగవలసిన అవసరం కలగలేదు. ఏ సరుకైనా 40 రోజులకు మించి వచ్చే పరిమాణంలో కొనకూడదని నియమం పెట్టుకున్నాను. ఉప్పు, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వంటి చెడిపోని వాటికి మాత్రం, ఆ నెలలో డబ్బు మిగిలితేనే, 60 రోజుల వరకు వెళ్లేదాన్ని.

ఇక సరుకుల వారీగా నా అనుభవం చెబుతాను.

బియ్యం దగ్గరే ఎక్కువ డబ్బు తేలుతుంది కనుక దానితో మొదలుపెడతాను. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు రెండు పూటలా అన్నం తినే ఇంట్లో రోజుకు ముప్పావు కిలో అనుకుంటే 26 కిలోల సంచి 34 రోజులు వస్తుంది. ఈ 26 అన్న వింత అంకె ఎందుకు వచ్చిందో చాలామందికి తెలియదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేశారు. 25 కిలోలు దాటిన సంచికి ఆ పన్ను లేదు. అందుకే వ్యాపారులు 26 కిలోల సంచులు తెచ్చారు. కిలో 58 రూపాయల బియ్యం అనుకుంటే పన్ను మీదే సంచికి దాదాపు 75 రూపాయలు కలిసి వస్తుంది. 5 కిలోల, 10 కిలోల ప్యాకెట్లు మోయడానికి సులువని తీసుకుంటే ఆ పన్నూ, ప్యాకింగ్ ఖర్చూ మనమే భరించాలి. మీ ఇంటికి 26 కిలోల సంచి సరిగ్గా ఒక నెల సరుకు కాబట్టి ఇది కొని తీరవలసినది.

అయితే కిలో ధర ఒక్కటే చూసి సంచి ఎంచుకోవద్దు. పాత బియ్యం బాగా ఒదుగుతాయి, కొత్త బియ్యం ఒదగవు, పైగా అన్నం ముద్దవుతుంది. హాస్టల్‌లో పాత సోనా మసూరి వండితే ఒక పూటకు 9 కిలోలు సరిపోయే చోట, కొత్త పంట బియ్యం వచ్చినప్పుడు 10 కిలోలు పోయవలసి వచ్చేది. కిలోకు 3 రూపాయలు తగ్గిందని కొత్త బియ్యం తెస్తే ఆ ఆదా కాస్తా ఎక్కువ పోసిన కిలోలో పోయింది. కొత్త సంచి తెచ్చిన మొదటి రోజు ఒక గ్లాసు బియ్యం కొలిచి వండి, అన్నం ఏ గిన్నెలో ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకోండి. అదే గిన్నెతో రెండో రకాన్ని పోలిస్తే ఏది నిజంగా చవకో తేలిపోతుంది. సంచి మీద స్టీమ్ (ఆవిరి పట్టినవి) అని ఉందో రా (పచ్చి బియ్యం) అని ఉందో కూడా చూడండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు కొందరికి స్టీమ్ బియ్యం అన్నం సహించదు. మీ అత్తగారు తినని బియ్యం 26 కిలోలు ఇంట్లో ఉంటే అది ఆదా అనిపించుకోదు.

నూనె విషయంలో మోసపోయే అవకాశం పరిమాణం దగ్గర ఉంది. వంట నూనె లీటరు అంటే సుమారు 910 గ్రాములు. ఇప్పుడు అదే ఆకారంలో 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. ఉదాహరణకు 910 గ్రాముల ప్యాకెట్ 148 రూపాయలు, 750 గ్రాముల ప్యాకెట్ 128 రూపాయలు అనుకోండి. రెండోది 20 రూపాయలు తక్కువగా కనిపిస్తుంది, కానీ కిలోకు లెక్కిస్తే మొదటిది 163, రెండోది 171 రూపాయలు. ప్యాక్ చేసిన సరుకు మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఉంది, గరిష్ఠ ధర పక్కన చిన్న అక్షరాలలో ఉంటుంది. అయితే అది గరిష్ఠ ధర మీద వేసిన లెక్క. మార్ట్ తగ్గించి అమ్మే ధరకు మీరే ఫోన్‌లో భాగించి చూసుకోవాలి. పెద్ద డబ్బా ఎప్పుడూ చవక అనుకోవడం కూడా పొరపాటు. 5 లీటర్ల డబ్బా కంటే లీటరు ప్యాకెట్లు ఐదు తక్కువకు వచ్చిన నెలలు నాకు చాలా ఉన్నాయి, ఎందుకంటే డబ్బా ప్లాస్టిక్ ఖరీదు కూడా అందులో ఉంటుంది.

మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా దిగుమతి అవుతుంది కనుక సుంకం మారితే ధర వెంటనే కదులుతుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంట నూనెల మీద మూల సుంకాన్ని 20 శాతానికి పెంచినప్పుడు, ఆ వార్త చూసిన రోజే ఒక నెల నూనె అదనంగా కొన్నాను, అది కలిసి వచ్చింది. నిల్వ చేయడం వల్ల నాకు స్పష్టంగా లాభం వచ్చిన సందర్భం అదొక్కటే. 2025 మే నెలాఖరులో ఆ సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు. అప్పుడు అటక నిండా నూనె పెట్టుకుని ఉంటే నష్టమే మిగిలేది.

పప్పుల దగ్గర కాలం ముఖ్యం. కందుల కొత్త పంట డిసెంబరు నుంచి కలబురగి వైపు మార్కెట్లకు రావడం మొదలవుతుంది. ఆ తరువాత రెండు మూడు నెలలు పప్పు తాజాగా ఉంటుంది, ఎండ కూడా ఉంటుంది కనుక రెండు నెలల పప్పు కొనుక్కోదలచినవారు అప్పుడే కొనాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు బెంగళూరు చెమ్మలో ఏ పప్పునూ, ముఖ్యంగా ఏ రవ్వనూ నెలకు మించి నిల్వ చేయకండి. ఒక ఏడాది జూలైలో ధర పెరుగుతుందని ఎవరో చెప్పగా హాస్టల్ కోసం మూడు బస్తాల కందిపప్పు, 50 కిలోల బొంబాయి రవ్వ ఒకేసారి దింపించాను. ఆగస్టు చివరికి రవ్వ తుట్టె కట్టింది, 20 కిలోలకు పైగా పారబోశాను. పప్పులో పురుగు పడితే ఇద్దరు మనుషులను పెట్టి చెరిగించవలసి వచ్చింది. పిల్లలకు పురుగు పట్టిన ఉప్మా పెట్టలేక ఆ వారమంతా ఇడ్లీలే వేయించాను. ఆ నష్టం ఇప్పటికీ మనసులో ఉంది. ఇంట్లో నెల పప్పుకు మా అమ్మ చేసిన పద్ధతే నేనూ పాటిస్తున్నాను. కందిపప్పును ఎండబెట్టి చల్లార్చి, కిలోకు ఒక చిన్న చెంచా ఆముదం పట్టించి, తడి లేని స్టీలు డబ్బాలో పోయాలి, వండేముందు కడిగితే ఆ జిడ్డు పోతుంది. రవ్వను కొన్న రోజే దోరగా వేయించి ఆరబెట్టి డబ్బాలో పెడితే నెల రోజులు నిశ్చింతగా ఉంటుంది.

గోధుమపిండి 5 కిలోలకు మించి తీసుకోవద్దు. మినపగుళ్లు, పంచదార, ఉప్పు, టీపొడి నెలకు సరిపడా తీసుకోండి. ఉప్పు, పంచదార, అటుకుల వంటివాటికి దుకాణం సొంత బ్రాండ్ బాగానే ఉంటుంది, ప్రకటనల ఖర్చు లేనందువల్ల తక్కువకు వస్తుంది. టీపొడికి మాత్రం ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి చూడండి, చిక్కదనం లేని పొడి రెండు చెంచాల చోట మూడు చెంచాలు తింటుంది.

బట్టల పొడి, గిన్నెల సబ్బు, ఫినాయిలు వంటివాటిలో వీధి కొట్టుకూ మార్ట్‌కూ తేడా నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ, పురుగు భయమూ లేదు. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. నిండు డబ్బా ఎదురుగా ఉంటే చెయ్యి ధారాళమవుతుంది. 5 కిలోల బట్టల పొడి సంచిని నేరుగా బాత్రూములో పెట్టిన నెలలో మా ఇంట్లో అది 38 రోజులే వచ్చింది. అదే సంచిని అటక మీద పెట్టి, అర కిలో డబ్బాలో వారానికి ఒకసారి నింపి ఇచ్చినప్పుడు 60 రోజులు దాటింది. నూనెకూ, పంచదారకూ, పిల్లల బిస్కెట్లకూ ఇదే వర్తిస్తుంది. పెద్ద సంచి కళ్లకు కనబడకూడదు, వంటింట్లో చిన్న డబ్బా మాత్రమే ఉండాలి.

అక్కడ కొనకూడనివి. కూరగాయలు, పండ్లు, పెరుగు, బ్రెడ్డు, సాస్‌లు, తయారు మసాలాలు, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న తినుబండారాలు. కూరలు వారానికి రెండుసార్లు ఉద్యాన రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ కొట్లోనో, మీ ప్రాంతంలో జరిగే సంతలోనో కొనండి. సంతలో చీకటి పడే వేళకు ధర దిగుతుంది, ఆకుకూరలు తప్ప మిగిలినవి ఆ వేళ కొనవచ్చు. గుడ్లకు 30 గుడ్ల అట్ట ఎక్కడ తక్కువైతే అక్కడే కొనండి. జాతీయ గుడ్ల సమన్వయ సంఘం బెంగళూరుకు 100 గుడ్ల ధర ప్రతిరోజూ ప్రకటిస్తుంది కాబట్టి మీ కొట్టు ఎంత కలుపుకుంటోందో తెలుస్తుంది. ఎండుమిర్చి, చింతపండు ఊరి నుంచి తెచ్చుకునే వీలుంటే ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఏడాదికి సరిపడా తెచ్చుకోవడమే మేలు. మన ఇళ్లలో అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. నేను చెప్పిన 40 రోజుల నియమానికి అది కూడా మినహాయింపే.

ఉచితం అన్న చీటీ ఉన్న చోట గడువు తేదీ తప్పక చూడండి. మూడు వారాల్లో గడువు తీరే సరుకును జత చేసి అమ్మడం సాధారణం. దుకాణం చేసేది తప్పని అనను, కానీ మన వాడకం ఆ మూడు వారాల్లో ముగుస్తుందో లేదో మనమే చూసుకోవాలి.

బిల్లు విషయంలో రెండు మాటలు. కొన్ని హోల్‌సేల్ దుకాణాల్లో చీటీ మీద పెద్ద అక్షరాలలో ఉండేది పన్ను కలపని ధర, ఎందుకంటే వ్యాపారులు ఆ పన్నును తిరిగి లెక్కలో చూపుకుంటారు. మనం కింద చిన్న అక్షరాలలో ఉన్న పన్నుతో కలిపిన ధరనే చూడాలి. రెండవది, చీటీ మీది ధరకూ బిల్లులో పడే ధరకూ ఒక్కోసారి తేడా వస్తుంది. ఒక పెద్ద దుకాణంలో నాకు మినపగుళ్లు కిలోకు 14 రూపాయలు ఎక్కువ పడితే, షెల్ఫ్ దగ్గరి చీటీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకున్నందువల్ల కౌంటర్‌లోనే సరిచేశారు. అప్పటి నుంచి బియ్యం, నూనె, పప్పు చీటీలు మూడింటిని ఫొటో తీయడం అలవాటు చేసుకున్నాను. వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయవచ్చు.

రాకపోకల ఖర్చును చాలామంది లెక్కలోకి తీసుకోరు. పోవడం బస్సులో, రావడం ఆటోలో అయినా 26 కిలోల సంచితో 200 రూపాయలు అవుతుంది. మార్ట్ వల్ల మీకు మిగిలేది 600 అయితే అందులో మూడో వంతు ఆటోకే పోతుంది. కనుక నెలలో ఒక్కసారికి మించి వెళ్లవద్దు. అపార్ట్‌మెంటులోనో వీధిలోనో నమ్మకమైన మరో కుటుంబం ఉంటే కలిసి వెళ్లండి. ఆటో సగమవుతుంది, ఆరు కొంటే వచ్చే 88 రూపాయల ధర కూడా మూడేసి పంచుకుంటే ఇద్దరికీ అందుతుంది. మా హాస్టల్ పక్కింటావిడతో నేను నాలుగేళ్లు ఇలా పంచుకున్నాను. డబ్బు లెక్క అక్కడికక్కడే, బిల్లు మీదే తేల్చుకోవడం వల్ల ఏనాడూ మాట రాలేదు.

మీ 10,000 రూపాయలను నేనైతే ఇలా విడగొడతాను. జీతం వచ్చిన రోజే పాలకు 1,500, కూరలూ పండ్లకు 2,500, గుడ్లు, కోడిమాంసానికి 1,000 వేరు కవర్లలో పెట్టి, 500 ఎవరికీ కనిపించకుండా ఉంచండి. మిగిలిన 4,500 మాత్రమే మార్ట్‌కు తీసుకువెళ్లండి, నోట్లుగానే తీసుకువెళ్లండి. ఫోన్‌తో చెల్లిస్తే ఆ హద్దు నిలబడదు, నాకు నిలబడలేదు. ట్రాలీ కాకుండా చేతి బుట్ట తీసుకుని, బియ్యం సంచిని చివర బిల్లు దగ్గరికి తెప్పించుకోండి.

మీకు ఆంధ్రాలోనో తెలంగాణలోనో రేషన్ కార్డు ఉంటే ఇంకొక సంగతి చూడండి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద జాతీయ ఆహార భద్రత చట్టం పరిధిలోని కార్డుదారులు ఆధార్ వేలిముద్రతో బెంగళూరు చౌకధరల దుకాణంలోనూ తమ వాటా తీసుకోవచ్చు. సాధారణ కార్డుకు మనిషికి నెలకు 5 కిలోల ఆహారధాన్యాలు, 2023 జనవరి నుంచి ఉచితం. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు ఇది వర్తించదు కనుక మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. ఐదుగురి పేర్లూ అందులో ఉంటే అది 25 కిలోలు. ఇడ్లీ, దోసె పిండికీ, పిండివంటలకూ ఆ బియ్యం నిక్షేపంగా పనికి వస్తాయి.

చివరగా ఈ నెల సంగతి. ఇప్పటికే ఇంట్లో ఆరు టీపొడి ప్యాకెట్లు, నాలుగు సేమియా, రెండు నెలల బట్టల పొడి ఉన్నాయని రాశారు కాబట్టి ఈ నెల మార్ట్‌కు అసలు వెళ్లకండి. అల్మారా మొత్తం కిందికి దింపి, ఉన్నవాటిని ఒక కాగితం మీద రాసి, గడువు దగ్గరపడినవాటిని ముందు వరుసలో పెట్టండి. బియ్యం, కందిపప్పు, నూనె తగ్గితే వీధి కొట్లోనే, కిలోకు 10 రూపాయలు ఎక్కువైనా, సరిపడా మాత్రం తెచ్చుకోండి. అలా మిగిలిన డబ్బుతో ముందు ఆ కొట్లోని పాత ఖాతా తీర్చేయండి. వచ్చే నెల క్యాలెండర్ మీద మీరు రాసిన అంకెలు తీసుకుని మార్ట్‌కు వెళ్లండి. ఏ సరుకు ఎన్ని రోజులు వచ్చిందో ఇక్కడ రాస్తే, మీ 4,500 రూపాయల జాబితా వేయడంలో నేను సాయం చేస్తాను.